పన్నెండు మీటలు

మూడో వరసదాకా చెయ్యి తనంతట తానే వెళ్లింది. పన్నెండు మీటల్లో ఏది పైకి, ఏది కిందికి అని ఆయన ఆలోచించనే లేదు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. పక్కనున్న గుండ్రటి మీట నొక్కిన ప్రతిసారీ పైన దీపాలు కొన్ని వెలిగి, కొన్ని ఆరి, అందింది, తర్వాతది చెప్పు అన్నట్టు నిలబడ్డాయి. నాలుగో వరసకి చెయ్యి లేచింది. లేచి గాలిలో ఆగింది. ఏమీ కాదు, ఇప్పుడే వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే చేసిన పని కదా అనుకున్నాడు. రాలేదు. చూపుడువేలు ఒక మీట మీద వాలి, అది కాదేమోనని లేచి, పక్కదాని మీద వాలింది. అదీ కాదేమో. వెనక చెక్క స్టూలు మీద కూర్చున్న బావమరిది గొంతు సవరించుకున్నాడు. అతని పక్కన నిలబడ్డ ఇంజనీరమ్మాయి ఊపిరి బిగబట్టిందని ఆయనకి వీపుతోనే తెలిసిపోయింది. ఆయన చెయ్యి దించేసి, జేబులోంచి రుమాలు తీసి, కళ్లజోడు తుడవడం మొదలుపెట్టాడు. కళ్లజోడు శుభ్రంగానే ఉంది.

"తొందరేం లేదు సార్," అంది అమ్మాయి. "మ్యూజియం వాళ్లు రావడానికి ఇంకా గంట పడుతుంది."

గంట. గంటలో ఒకప్పుడు ఈ యంత్రం ఒక వంతెన బరువంతా లెక్కగట్టేది. బీరువాలాంటివి మూడు పక్కపక్కనే నిలబెట్టినట్టు ఉండే ఈ కంప్యూటరు, ఇప్పటి వాటిలా మీట వేయగానే పలకరించదు. కరెంటిస్తే దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, అంతే. లోపల నిన్నటి లెక్కల చెత్త తప్ప ఏమీ ఉండదు. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, మీటలు పైకీ కిందికీ వేస్తూ, ఇరవైకి ఒకటో రెండో తక్కువ వరసలు దాని చెవిన వేయాలి. అప్పుడు దానికి కాయితం టేపు మీది చిల్లులు చదవడం వస్తుంది. అక్కణ్నుంచి ఎంత పొడుగు టేపు పెట్టినా గటగటా మింగేస్తుంది. కొత్తగా పెళ్లైన రోజుల్లో ఇంటావిడ, మీరసలు అక్కడ చేసే పనేమిటని అడిగితే, పొద్దున్నే లేచిన పిల్లాడికి నోరెలా తెరవాలో రోజూ కొత్తగా నేర్పడం, నేర్పాక వాడే తింటాడు అని చెప్పాడు. ఆవిడ పడీపడీ నవ్వి, మరి పొద్దున్నే మీకెవరు నేర్పుతారు, కాఫీ పడేదాకా మీకూ నోరు లేవదుగా అంది. ఆ నవ్వు ఆయనకి ఇప్పటికీ వినిపిస్తుంది. వాకిట్లో ఎండ, ఆవిడ తలారబెట్టుకున్న తువ్వాలు, తువ్వాలు అంచున ఎర్ర గీత, అన్నీ ఉన్నాయి. ఎర్ర గీత ఉంది. నాలుగో వరస లేదు.

కంపెనీవాళ్ల పుస్తకంలో వరసలన్నీ ఉంటాయి, కానీ అవి ఇక్కడ పనికిరావు. టేపు చదివే రీడరు మొదట్లోనే చెడిపోతే, కొత్తది తెప్పించే దారిలేక ఇక్కడివాళ్లే దొరికిన సామానుతో ఒకటి కట్టుకున్నారు. దాని వరసలు దానివే. ఆ వరసలు టైపు చేసి బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉండేవి. రోజూ చేసేవాళ్లకి కాయితంతో పనేముంది, ఎవరూ చూసేవాళ్లు కాదు. ఏ ఏడో రంగులు వేయడానికి వచ్చినవాళ్లు దాని మీదే రంగు కొట్టేశారు. ఇంజనీరమ్మాయి ఆ రంగు గీకి చూసిందట. రంగుతో పాటే అక్షరాలూ పొట్టులా లేచి వచ్చేశాయట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా ఉందంటే, తన చేతుల్లోనే ఎవరో పోయినట్టు ఉంది. ఎవరికి తెలుసో వాళ్లందరి కోసం వాకబు చేసింది. ఒకరు లేరు, ఇంకొకరు లేరు, మూడో ఆయన జాడే లేదు. మిగిలింది ఈయన. బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన బావమరిది ఎక్కడో ఎవరితోనో గొప్పలు పోతుంటే ఆ మాట ఈ పిల్ల చెవిన పడింది. మా బావ లేనిదే ఆ యంత్రం కళ్లు తెరవదు అన్నాడట.

మళ్లీ మొదటినుంచి చేస్తే వస్తుంది. పాట మధ్యలో ఆగితే పల్లవి ఎత్తుకుంటాం కదా. ఆయన కళ్లజోడు పెట్టుకుని, మీటలన్నీ కిందికి దించి, మొదటి వరస వేశాడు. రెండోది వేశాడు. యంత్రం వెనకనుంచి వెచ్చని దుమ్ము వాసన, కాలీకాలని లక్క వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుంటే చాలు, ఈ గది మాయమై ఆ గది వచ్చేస్తుంది. ఆ గది చల్లగా ఉండేది, ఊరంతా ఉడికిపోతున్నా సరే చల్లగా ఉండేది, చెప్పులు బయట విప్పి లోపలికొస్తే అరికాళ్లు జిల్లుమనేవి. యంత్రం కోసం పెట్టిన చల్లదనం అది, మనుషులది కాదు. జీతం తక్కువైనా ఎండాకాలం మన పనే పని అని మీటలక్క అనేది. ఆ గదిలో అందరికంటే సీనియర్ ఆవిడ. వంతెనలు కట్టే పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. గుండ్రటి రేకు డబ్బాల్లో టేపులు పట్టుకొచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, అక్కా మాదెప్పుడవుతుంది అని పిల్లల్లా అడిగేవాళ్లు. పనిలో చేరిన మొదటివారం ఆయన వరసలన్నీ బట్టీ కొట్టి, గొణుక్కుంటూ వేస్తుంటే, ఆవిడ వెనకనుంచి వచ్చి మణికట్టు పట్టుకుంది. "ఏమిటబ్బాయ్ ఆ జపం? అంకెలు చెప్పుకోకు. వేసెయ్, అంతే. నీ చొక్కా గుండీలు లెక్కపెట్టుకుని పెట్టుకుంటున్నావా?"

ఈ పొద్దున ఆ గుండీలు పెట్టింది ఇంటావిడ. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా పెట్టుకుని అద్దం ముందు నిలబడి, ఎక్కడో తప్పింది, ఎక్కడ తప్పింది అని చూసుకుంటూ ఉంటే, ఆవిడ వచ్చి, అన్నీ విప్పి మళ్లీ పెట్టింది. పెడుతూ, "వెళ్లొద్దండీ. మోకాళ్ల నొప్పని తమ్ముడికి చెప్పేస్తాను," అంది. "అది మర్చిపోయేది కాదే," అన్నాడు ఆయన. "ఏది పోయినా అదొక్కటీ ఉంటుంది నాకు." ఆవిడ తలెత్తి చూడలేదు. ఆఖరి గుండీ మీద కాసేపు అలాగే చెయ్యి ఉంచింది.

మూడో వరస. ఐదో మీట పైకా? ఇందాక పైకే వేశాడా? ఇందాక అడగకుండా వెళ్లిన చెయ్యి ఇప్పుడు ఆయన మొహం చూస్తోంది. పైకి వేశాడు. దించాడు. మళ్లీ వేశాడు. ఇందాకటి దీపాలు ఇవేనా, వేరేవా? ఆ చివర రెండు కలిసి వెలిగాయా, విడివిడిగానా? ఉన్న మూడూ కూడా జారిపోతున్నాయి. అంటే వెతకకూడదన్నమాట. వెతికితే ఉన్నది కూడా పోతుంది. ఇంట్లోనూ అంతే. మొన్నామధ్య నీళ్లగదిలో నిలబడి, చేతిలో ఉన్నదాని పేరు గుర్తురాక, ఎంత గింజుకుంటే అంత దూరం పోతుంటే, ఆఖరికి తలుపు కొంచెం తెరిచి, "ఇది అయిపోయింది, ఇది, నురగది, కొత్తది ఇవ్వవే," అన్నాడు. ఆవిడ నవ్వింది. సబ్బు తెచ్చి ఇస్తున్నప్పుడు మాత్రం నవ్వలేదు. క్షవరం చేయించుకుని వస్తూ ఒకరోజు నాలుగు దారుల దగ్గర నిలబడిపోయాడు. అన్ని దారులూ తెలిసినవే, ఏది ఇంటికి పోతుందో తెలియదు. ఎదురింటాయన సంచీ పట్టుకుని కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. ధరల గురించి కబుర్లు చెబుతూ ఆయన వెంటే నడిచి ఇంటికి చేరాడు. ఎదురింటాయన, మీతో మాట్లాడితే కాలమే తెలియదండీ అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. నలుగురూ నవ్వినప్పుడు నవ్వడం, ఎవరైనా వచ్చి గుర్తుపట్టారా అంటే, మిమ్మల్ని గుర్తుపట్టకపోవడమేమిటి అనడం, ఆయనా ఇంటావిడా కలిసి కాపురంలా నడిపిస్తున్న దొంగతనం ఇది.

"కాఫీ తాగుతావా బావా?" అన్నాడు బావమరిది. "నాకూ అంతే. టికెట్లు కొట్టే మిషను చేతికిస్తే ఇప్పుడు కాసేపు తడుముకుంటా. ఇంజను వేడెక్కాలి."

"నువ్వుండరా," అన్నాడు ఆయన.

కాపురం మొదటి ఏడు ఇంట్లో ఎక్కడ చూసినా చుక్కలే. టేపులో చిల్లులు పడ్డప్పుడు రాలే గుండ్రటి కాయితం ముక్కలు, ఆవగింజలకి అన్నగార్లంత. జేబుల్లో, కాలరు మడతలో, దిండు గలీబులో. ఆవిడ చీపురుతో ఊడ్చీ ఊడ్చీ విసిగిపోయి, "మీ సవతి ఇల్లంతా జల్లుతోంది," అనేది. మీ సవతి కాదు, నా సవతి అనాలి ఆవిడ. కోపంలో తప్పుగా అనేసి, తనే నాలుక కరుచుకుని నవ్వేది. అంత చిన్న ముక్కల కదలికలు, గాలికి లేచి మళ్లీ వాలేవి, అవన్నీ ఉన్నాయి, ఎవరి సవతి అన్నదో కూడా ఉంది. మీటలక్క కొప్పులో చిక్కుకున్న తెల్లచుక్కలు ఉన్నాయి. ఆవిడ ఒంట్లో బాగాలేక రాని మొదటిరోజు, ఒక్కడే మీటల ముందు నిలబడి ఒక్క గుక్కలో అన్నీ వేసేసి, రీడరు కటకటమంటూ టేపు లాక్కుంటుంటే, ఖాళీ గదిలో చప్పట్లు కొట్టుకున్న సిగ్గు ఉంది. ఆ చప్పట్లకి ముందు వేసిందే కదా కావలసింది. అక్కడే, ఒక్క క్షణం ముందే ఉంది. చప్పట్లదాకా వెళ్లగలడు, కొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి జరగాలి. జరిగితే అక్కడ వీపు కనిపిస్తోంది, చొక్కా కనిపిస్తోంది, చెయ్యి కదలడం కనిపిస్తోంది. మీటలకి మాత్రం ఆ మనిషి ఒళ్లు అడ్డంగా ఉంది. ఒరేయ్, కొంచెం పక్కకి తప్పుకో అని ఆ కుర్రవాణ్ని బతిమాలుకున్నాడు. తప్పుకోలేదు.

"ఇవాళ కాకపోతే ఏమవుతుందమ్మా?" అని అడిగాడు, వీపు తిప్పకుండానే.

"లోపల సామానంతా తీసేస్తారు సార్. పై పెట్టెలు ఉంచి, దీపాలకి చిన్న టైమరు పెడతారట. వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. చూసే పిల్లలకి అదే చాలంటున్నారు." తర్వాత గొంతు తగ్గించి, "గోదాములో టార్పాలిన్ కింద ఎలకలు గూడు కట్టుకున్న రోజున చూశాను దీన్ని. సెలవులన్నీ దీనికే పెట్టాను. అమ్మ నన్ను కనడం మానేసి దీన్ని కనుంటే బాగుండేదంటుంది," అంది. నవ్వడానికే అంది. ఆ పిల్ల వేళ్ల మీద టంకం కాల్చిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా ఉన్నాయి.

లోపలిది తీసేసి, పైపైన దీపాలు వెలిగిస్తారు. చూసేవాళ్లకి తేడా తెలియదు. ఆయన మీటల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చెమట పట్టిన అరచేతికి లోహం చల్లగా తగిలింది. ఏమీ తెలియని ఒక మనిషి ఏమీ తెలియని ఒక యంత్రం ముందు నిలబడితే, ఎవరు ఎవరికి చెప్పాలి? అలా నిలబడి, వెనక ఇద్దరి చూపులూ మోయలేక, వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో ఆయనకీ తెలియదు. "దీని మెమరీ పోయిందమ్మా," అన్నాడు. మాట బయటికొచ్చాక ఎంత తేలిగ్గా ఉందో చూసి, ఇంకొకటి చేర్చాడు. "నేను వేసింది నిలబడటం లేదు. లోపల, మెమరీ దాచే చిన్న చిన్న ఉంగరాల వలలో తీగ తెగింది. ఇక రాదు."

"చెప్పానా?" అన్నాడు బావమరిది. "మా బావ చెయ్యేస్తే చాలు, జబ్బేదో బయటపడాల్సిందే."

అమ్మాయి వాదించలేదు. వాదిస్తే బాగుండేది. కిందటి వారమే వల మొత్తం పరీక్ష చేశానని ఆ పిల్లే పొద్దున చెప్పింది. ఆ మాట ఆ పిల్ల పెదవులదాకా వచ్చి, ఈయన ముఖం చూసి, అంత అనుభవమున్న మనిషి చెబుతుంటే నాకేం తెలుసులే అన్నట్టు వెనక్కి పోవడం ఆయన చూశాడు. తన పరీక్షను తనే కాదనుకుని ఫోను తీసింది. "అయితే వాళ్లకి చెప్పేస్తాను సార్. రావడం దేనికి. విప్పేవాళ్లని పంపించమంటాను." గొంతు మామూలుగానే ఉంది. ఫోను మీద వేలు మాత్రం ఎక్కడ నొక్కాలో తెలియనట్టు తిరుగుతోంది. ఆయన ఆ వేలు చూశాడు.

"ఆగమ్మా," అన్నాడు. "తీగ తెగలేదు. యంత్రం బాగానే ఉంది. నాకే గుర్తు రావడం లేదు."

బావమరిది నవ్వబోయాడు. సగం నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "అదేమిటి బావా. ఇన్నేళ్లయింది, ఎవరికి మాత్రం గుర్తుంటుంది."

"ఇదొక్కటే కాదురా. పొద్దున నీ బండి ఎక్కేటప్పుడు నువ్వెవరో ఒక్క నిమిషం తెలియలేదు. గొంతు విన్నాక తెలిసింది."

స్టూలు కిర్రుమంది. "ఎప్పట్నుంచి?"

"అది కూడా సరిగ్గా గుర్తులేదు."

"అక్కకి తెలుసా?"

"అక్కే గుండీలు పెడుతోంది."

ఎప్పుడూ మాటకి తడుముకోని మనిషి, బస్సంతా నవ్వించిన మనిషి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తూ కూర్చుండిపోయాడు. అమ్మాయి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. పరవాలేదు సార్ అనలేదు, అందుకు ఆయన ఎంతో మెచ్చుకున్నాడు లోపల. స్టూలు ఇంకొకటి లాగి ఆయన్ని కూర్చోబెట్టి, తను పక్కన నేల మీద కూర్చుంది. "ఎంత వస్తే అంత చూద్దామా?" అంది. చూశారు. ఇప్పుడు మొదటి వరస వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదానికి రెండు తీర్లు తోచాయి, రెండూ నిజమే అనిపించాయి. నాలుగోదాని చోట గోడ ఉంది. ఆ పిల్ల ఇలానా సార్, పోనీ ఇలానా అని మీటలు మార్చి మార్చి చూపించింది. ప్రతిదానికీ ఆయన ఆశగా చూశాడు, ప్రతిదీ తెలిసినట్టే ఉంది, ఏదీ ఇదేనని పలకలేదు. కాసేపటికి ఇద్దరికీ తెలిసిపోయింది. అయినా ఆ పిల్ల ఇంకో రెండు చూపించింది.

వాళ్లు వచ్చారు. పెద్దాఫీసరు, ఆయన వెంట ఇద్దరు. మంచి మనుషులే, గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. "నడుస్తోందా?" అన్నాడు పెద్దాఫీసరు.

"ఇంకా లేదు సార్. ఇంకో నెల ఇవ్వండి," అంది అమ్మాయి. ముసలాయన వైపు చూడలేదు. ఆయన మాటే ఎత్తలేదు.

"నెలలు ఇస్తూనే ఉన్నానమ్మా. అనుకున్నట్టే చేసేద్దాం. సోమవారం మనుషుల్ని పంపుతాను." తర్వాత ముసలాయన రెండు చేతులూ పట్టుకుని, "మీలాంటివాళ్లు మాకు ఆస్తి సార్," అన్నాడు. ఆయనకి అలవాటైన నవ్వొకటి వచ్చి ముఖం మీద కూర్చుంది. నాది పోయింది, దానిది పోలేదు, దాన్నెందుకు విప్పుతారు అని చెప్పాలనుకున్నాడు. నోట్లోకి వచ్చిన మాటలు వరస తప్పి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈలోగా వాళ్లు యంత్రం పక్కన నిలబడి ఫోటో తీసుకుని, ఆయన్నీ మధ్యలో నిలబెట్టుకుని, వెళ్లిపోయారు.

అమ్మాయి గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు మీద చెయ్యి వేసింది. "అలా కాదు," అన్నాడు ఆయన. ఎవరన్నారా అని చుట్టూ చూసేంత గట్టిగా అన్నాడు. లేచి యంత్రం దగ్గరికొచ్చాడు. రీడరు మూత తెరిచి చక్రం వదులు చేశాడు. కింద, ఎవరికీ కనపడని చోట, మోకాలి ఎత్తులో ఉన్న ఎర్ర మీట చూడకుండానే వేలితో తీశాడు. ఎడమ బీరువా, తర్వాత కుడిది, ఆఖరున నడిమిది. తాళంచెవి సగం తిప్పి, దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరేదాకా ఆగి, మిగతా సగం తిప్పాడు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెతుక్కోలేదు. ఏ సాయంత్రమైనా అందరికంటే ఆఖరున వెళ్లేది ఆయనే మరి.

"ఇది నాకు తెలియనే తెలియదు సార్," అంది అమ్మాయి మెల్లగా. "ఇన్నాళ్లూ ఒక్కసారిగా పీకేసేదాన్ని."

ఆయన వినలేదు. నడిమి బీరువా పక్కకి చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల ఫ్యాను ఒక్కటి ఇంకా తిరుగుతోంది, కరెంటు లేకుండా, ఉన్న ఊపుతో, కొంచెం కొంచెంగా తగ్గుతూ. అది ఆగేదాకా గది వదిలి వెళ్లకూడదు.

బావమరిది వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "వెళ్దామా బావా? అక్క ఎదురుచూస్తుంటుంది."

"ఉండరా," అన్నాడు ఆయన. "ఇంకా తిరుగుతోంది."